కుదువలో ఉన్న పెళ్లి

(కర్నూలులో ఒక డిగ్రీ కళాశాల చివరి సంవత్సరం విద్యార్థుల వీడ్కోలు సభలో, గ్రామీణ బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక మేనేజరు చేసిన ప్రసంగం. రికార్డు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్లకు వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి... వినబడకపోతే ఈ మాటా వినబడదు కదా. సరే.

మీ ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి ‘విజయానికి మార్గాలు’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ మార్గాలు తెలిసినవాణ్ణే అయితే ముప్పై ఆరేళ్లు పత్తికొండ, ఆదోని, నంద్యాల అంటూ ట్రాన్స్‌ఫర్ కాగితాలు పట్టుకుని తిరిగేవాణ్ణి కాదు సార్ అన్నాను. నాకు తెలిసింది అప్పులు. ఇచ్చాను, వసూలు చేశాను, కొన్ని వసూలు చేయలేకపోయాను. కాబట్టి అప్పుల గురించి మాట్లాడతాను. మధ్యలో ప్రేమ కూడా వస్తుంది, లేచి పోకండి.

ముందు ఒక ప్రశ్న. ఈ పరీక్షలయ్యాక నంద్యాల బ్యాంకు కోచింగుకు పోయేవాళ్లు ఎంతమంది? ... అబ్బో. హైదరాబాద్? బెంగళూరు? ఇక్కడే ఉంటామనేవాళ్లు? ... నలుగురు. పాపం వాళ్లు కూడా అటూ ఇటూ చూసి ఎత్తారు. ఊరు వదిలి పోవడం మనకు కొత్త కాదులెండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. డేరాలు వేసి ఆఫీసులు నడిపారని మా నాయన చెప్పేవాడు. మూడేళ్లు తిరిగి, 1956 నవంబరు వచ్చేసరికి రాజధానే పెట్టే సర్దుకుని హైదరాబాద్ పోయింది. ఇక మీరెంత.

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వజ్రాల వేట. ఆ పక్క బ్రాంచిలో ఉన్నప్పుడు చూశాను. కర్ణాటక నుంచి కూడా వస్తారు. చెట్టు కింద పొయ్యి పెట్టుకుని, చద్ది కట్టుకుని, భార్యాభర్తలు, పిల్లలు, అందరూ వంగి మట్టిలో చూస్తూ నడుస్తారు. ఇదంతా వట్టి పుకారైతే రెండేళ్లలో ఆగిపోయేది. కానీ వజ్రకరూరు వైపు వజ్రాలు పుట్టే కింబర్లైటు రాయి ఉందని భూగర్భ శాస్త్రవేత్తలే తేల్చారు. నిజంగానే ఎవరో ఒకరికి దొరుకుతుంది. ఆ ఒకరికి దొరికిందన్న వార్తే మిగతావాళ్లను మళ్లీ ఏడాది చేలోకి తెస్తుంది. దొరికినవాడికైనా రేటు కట్టేది వాడు కాదు, వ్యాపారి.

నంద్యాలను నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. అక్కడ చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్లు నా బ్రాంచిలోనే నా కింద పనిచేశారు, నాకన్నా బాగా చేశారు. ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి వడపోత పరీక్షలో, గంటలో వంద ప్రశ్నలు. తప్పు రాస్తే పావు మార్కు కోత. అలాంటి పరీక్ష కోసం రోజుకు పన్నెండు గంటలు కూర్చునే పిల్లల్ని చూస్తే నాకు గౌరవమే. మా కాలంలో ఇంత పోటీ ఉంటే నేను గట్టెక్కేవాణ్ణి కాను, ఆ మాట ఇక్కడే ఒప్పుకుంటున్నాను. క్లర్కుకు 28, ఆఫీసరుకు 30 ఏళ్లు దాటకూడదు. బీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు. అంటే ఇరవై ఒకటికి డిగ్రీ చేతికొచ్చిన పిల్లవాడికి ఏడెనిమిదేళ్లు ‘ఈసారి వస్తుంది’ అనుకోవడానికి వీలుంది. ఆ ఏడెనిమిదేళ్లలో రూము అద్దె, మెస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ఎక్కడో సెంటరు పడితే బస్సు చార్జీలు... ఎవరు పెడతారు?

ఇక్కడ నా ఉద్యోగం మొదలవుతుంది. ఇంజనీరింగుకో, ఎంబీఏకో చేరితే బ్యాంకులో చదువు లోను ఉంది. కోచింగుకు మామూలుగా ఆ లోను రాదు. అందుకని అమ్మ వస్తుంది. మెడలో సరుడు, చెవుల కమ్మలు విప్పి చిన్న గుడ్డసంచిలో వేసుకుని వస్తుంది. నగ తూకం వేస్తారు, గీటురాయి మీద గీస్తారు. ఫారంలో ‘అప్పు ఎందుకు’ అని ఒక గడి ఉంటుంది. అందులో ఏం రాస్తారు? పంట ఖర్చులకు. నా కాలంలో పట్టాదారు పాసుపుస్తకం ఉంటే నగ మీద తీసుకునే పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోపల కడితే 3 శాతం రాయితీ ఉండేది. అంటే 4 శాతానికే పడేది. కోచింగు ఖర్చు అని రాస్తే ఆ రాయితీ ఉండేది కాదు. నా సర్వీసులో ఆ గడి నిండా విత్తనాలు, ఎరువులు, బుడ్డలు (వేరుశనగ), ఉల్లిగడ్డలు. నిజానికి అందులో సగం చేలు నంద్యాల హాస్టళ్లలో మొలిచాయి. తెలిసి సంతకం పెట్టానా అంటే పెట్టాను. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నాను, మీ ప్రిన్సిపాల్ గారు నవ్వుతున్నారు.

బంగారం లేని ఇండ్లు వేరే. కోసిగి, మంత్రాలయం వైపు పిల్లలుంటే తెలుస్తుంది. మిరపకాయల కోతకని గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఇంటికి తాళం, బడికి సెలవు. వాళ్ల కథ ఒక్క మాటలో చెప్పి దాటిపోవడం న్యాయం కాదు కానీ, ఈ రోజు నాకున్న టైము నలభై నిమిషాలే.

బంగారం పెట్టినా సరిపోనప్పుడు ప్రోనోటు, అంటే తీసుకున్న అప్పు తిరిగి కడతానని రాసిచ్చే కాగితం. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఇంతవరకు మీకందరికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. ప్రోనోటుకు చట్టప్రకారం మూడేళ్ల గడువు. అది దాటితే కోర్టులో చెల్లదు. అందుకని మూడేళ్లు కాకముందే ఇచ్చినాయన వస్తాడు. చాలా మర్యాదగా వస్తాడు, కాఫీ తాగుతాడు. ‘తిరగరాసుకుందామప్పా’ అంటాడు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా అయిన వడ్డీ అసలులో కలుస్తుంది. లక్ష తీసుకుంటే మూడేళ్లకు 72 వేల వడ్డీ. కొత్త నోటు లక్షా డెబ్బై రెండు వేలకు. ఇంకో మూడేళ్లకు 2 లక్షల 95 వేల 840. చక్రవడ్డీ అనే మాట ఎవరూ అనలేదు, ఎక్కడా రాయలేదు. ఆరేళ్లలో లక్ష మూడు లక్షలయింది. మీరు నంద్యాలలో ఉండేదీ ఇంచుమించు ఆరేళ్లే.

మన వైపు డబ్బును ‘లెక్క’ అంటాం కదా. లెక్క లేదు, లెక్క పంపించు, లెక్క యాడుంది అని. ఇంత మంచి పేరు పెట్టుకుని ఇంట్లో మాత్రం ఆ లెక్క ఎవరికీ చెప్పం. మీ ఇంట్లో ఇవాళ్టికి అప్పు ఎంతుందో ఖచ్చితంగా చెప్పగలిగినవాళ్లు చెయ్యెత్తండి. ఎంత అని అడగనులే, తెలుసా లేదా అంతే... చూశారా, ఇందాక నంద్యాలకు లేచిన చేతులు ఇప్పుడు యాడికి పోయినాయో.

పత్తికొండలో ఉన్నప్పుడు, 2000 తర్వాత అనుకుంటా, ఒక రైతు ప్రతి ఏడాదీ వచ్చి నగ రెన్యువల్ చేయించుకునేవాడు. వడ్డీ కట్టడం, అసలు మళ్లీ అట్లాగే రాయించడం. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ‘ఏం పెద్దాయనా, ఈ అసలు ఎప్పుడు తీరుస్తావు?’ అని. ఏ మాత్రం తడుముకోకుండా చెప్పాడు. ‘పిల్లోనికి ఉద్యోగం రానీ సార్. పెండ్లిలో వచ్చే లెక్కతో ఒకటేసారి తీర్సేస్తా.’

నేను ఆ రాత్రి నిద్రపోలేదు అంటే అబద్ధం, బాగానే నిద్రపోయాను. ఆ మాట నాకేమీ కొత్తగా తోచలేదు, అదే అసలు విషయం. కొన్నేళ్ల తర్వాత, ఇంకెవరి ప్రేమ గొడవలోనో మధ్యవర్తిగా కూర్చున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. బ్యాంకులో మేం బంగారం కుదువ పెట్టుకుంటాం, పొలం కుదువ పెట్టుకుంటాం. ఆ పెద్దాయన తన కొడుకు పెళ్లిని కుదువ పెట్టి ఊర్లో అప్పు తెచ్చాడు. ఇచ్చినవాడూ అది చూసే ఇచ్చాడు. ‘పిల్లోడు చదువుతాండాడు, రేపు ఉద్యోగమొస్తే కట్నమొస్తుంది, మన దుడ్లు యాడికీ పోవు.’ కట్నం ఇచ్చినా తీసుకున్నా నేరమని 1961 నుంచి చట్టం ఉంది. చట్టం లెక్క చట్టానిది, ఊర్లో లెక్క ఊరిది.

ఇప్పుడు ఆ పిల్లవాడు నంద్యాల లైబ్రరీలో ఎదురు బెంచీలో కూర్చున్న అమ్మాయిని ఇష్టపడ్డాడనుకోండి. ఇంట్లో చెప్పాడు. నాయన ఎగిరిపడ్డాడు. కులం అన్నాడు, పరువు అన్నాడు, బంధువులు ఉమ్మేస్తారన్నాడు. అవి ఉత్త సాకులని నేననను. కులం మన దగ్గర ప్రాణాలు తీసే వస్తువు, దాన్ని తేలిక చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ ఒకే కులంలో ప్రేమించినా, కట్నం లేకుండా అంటే, అదే ఎగిరిపాటు చూశాను. ఎందుకంటే కుదువ పెట్టిన వస్తువు తన కాళ్ల మీద తాను లేచి నడిచిపోతోంది. ఈ సంగతి కొడుకుకు తెలియదు, నాయన నోరు తెరిచి చెప్పడు. ‘నీ పెండ్లి మీద రెండు లక్షలు తెచ్చినాను రా’ అని ఏ నాయన చెబుతాడు? అందుకని పరువు అంటాడు. కొడుకేమో నాయనను రాక్షసుడు అనుకుంటాడు, ఆ అమ్మాయి వీణ్ణి పిరికివాడు అనుకుంటుంది.

ఆ పిరికివాణ్ణి నేనే. ఇంతసేపూ ఊరి మీద పెట్టి చెప్పాను, నా సంగతి చెప్పకపోతే బాగుండదు.

1979లో నేను ఈ ఊర్లోనే డిగ్రీలో చేరాను. మాది పత్తికొండ వైపు పల్లె, బుడ్డల చేను. నన్ను చదివించడానికి మా నాయన ఆరు వేలు తెచ్చాడు, రెండు రూపాయల వడ్డీకి. ఆ సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది తుంగభద్ర గట్టు, కొండారెడ్డి బురుజు దగ్గర బజ్జీల బండి, మా క్లాసులో ఒక అమ్మాయి. ఆమె గురించి ఎక్కువ చెప్పను, ఎక్కడో మనవళ్లతో ఉంటుంది. ఆమె ఒక్కటే అడిగింది, ఎప్పుడు అడుగుతావు మా ఇంట్లో అని. ‘ఉద్యోగం రానీ’ అన్నాను. మూడేళ్లు అదే మాట. నాకేదో పెద్ద ఆశయం ఉన్నట్టు, ఆ ఆశయం కోసం ఆగుతున్నట్టు మాట్లాడేవాణ్ణి. 1984లో ఆమె పెళ్లయింది. 1985 డిసెంబరులో నాకు ఉద్యోగం వచ్చింది.

ఆర్డరు చేతికి వచ్చిన రోజు రాత్రి మా నాయన ప్రోనోటు సంగతి చెప్పాడు. రెండుసార్లు తిరగరాశారు. 1987లో నా పెళ్లి నాటికి ఆ ఆరు వేలు ఇరవై ఆరు వేలు దాటింది. నాకిచ్చిన కట్నం ముప్పై వేలు. పెళ్లయిన మూడో రోజు మా నాయన లెక్క తీర్చి, నోటు చింపించుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. అంత తేలికగా ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ సంతోషించాను. తప్పు చేశానని అప్పుడు అనిపించలేదు. అందరూ చేసేదే కదా.

మా ఇంటామె ఈ సభకు రాలేదు. ఇట్లా చెప్పబోతున్నానని ముందే చెప్పాను. ‘చెప్పుకో, నేను మాత్రం రాను’ అంది.

సరే. నంద్యాల. నా సర్వీసు చివరి భాగంలో అక్కడ ఉన్నాను. ఆస్పరి వైపు నుంచి ఒక పిల్లవాడు, టమోటా రైతు కొడుకు, వాళ్లమ్మ నగ రెన్యువల్‌కు వచ్చేవాడు. పక్కన బనగానపల్లె వైపు అమ్మాయి ఒకతి. ఇద్దరివీ వేరే కులాలు. ఇద్దరూ ఒకే కోచింగు. ఒక టోకెన్‌కు ఇద్దరు ఎందుకమ్మా అంటే, ‘వీనికి ఫారాలు నింపడం రాదు సార్’ అంది. మూడో ప్రయత్నంలో ఆమెకు క్లర్కు ఉద్యోగం వచ్చింది. వాడికి రాలేదు. మెయిన్స్‌లో రెండుసార్లు పోయింది.

అప్పుడు ఆమె ఒక్కతే వచ్చింది, రఫ్ నోటు పట్టుకుని. అందులో గీత గీసి రెండు వరుసలు. ఒకవైపు వాళ్లింటి అప్పు, ఇంకోవైపు వాడి ఇంటి అప్పు. ఎవరికి ఎంత, ఎప్పుడు తెచ్చింది, వడ్డీ ఎంత, నోటు ఎప్పుడు తిరగరాశారు. వాడి చేత ఆ లెక్క కక్కించడానికి రెండు నెలలు పట్టిందట. ‘ముద్దు పెట్టుకోవడానికి ఇంత సిగ్గుపడలేదు సార్’ అందామె. ఆ మాటను ఇక్కడ చెప్పొచ్చో లేదో, చెప్పేశాను.

వాడి నాయన ప్రోనోటు అప్పు లక్షా ఎనభై వేలు, రెండు రూపాయల వడ్డీ. నెలకు 3,600. ఎన్నేళ్లు కట్టినా అసలు అట్లాగే ఉంటుంది. అదే లక్షా ఎనభై వేలు బ్యాంకులో 12 శాతానికి తీసుకుని అయిదేళ్లలో కడితే నెలకు వాయిదా ఎంతో ఆమెకు వేసి చూపించాను. దాదాపు 4,000. మీరు ఫోన్లో ఇప్పుడే వేసి చూసుకోండి. తేడా నాలుగు వందలు. ఒకవైపు జీవితాంతం, ఇంకోవైపు అరవై నెలలు. ఆ అమ్మాయి కాగితం తీసుకుని ఇంకోసారి తనే వేసుకుంది. బ్యాంకు మేనేజరు చెప్పినా నమ్మలేదు. అట్లా ఉండాలి.

ఇంకో సంగతి కూడా చెప్పాను, మీలో రైతుల పిల్లలు రాసుకోండి. వడ్డీ వ్యాపారుల దగ్గర ఇరుక్కున్న రైతుకు ఆ అప్పు తీర్చుకోవడానికి బ్యాంకు లోను ఇవ్వొచ్చు. రిజర్వు బ్యాంకు దాన్ని ప్రాధాన్య రంగం కిందే, అంటే బ్యాంకులు తప్పక కొంత అప్పివ్వాల్సిన పద్దు కిందే, లెక్కిస్తుంది. అడిగేవాళ్లు లేక మేం ఇవ్వం. అడిగినా కొందరు ఇవ్వరు, అది వేరే ప్రసంగం.

ఆమె ఆరు నెలల ప్రొబేషన్ అయ్యేదాకా ఆగింది. తర్వాత తన జీతం మీద లోను పెట్టింది. ఆ లోను మంజూరు కాగితంతో, ఆ రఫ్ నోటుతో ఇద్దరూ ఆస్పరి పోయి వాడి నాయన ముందు పెట్టారు. కట్నం రాదు, ఈ అప్పు మాది, మీ నోటు చింపించుకోండి అని. ఆయన నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. అయిదో రోజు అడిగింది ఒకటే. ‘ఈ లెక్క రాసింది ఆ పిల్లేనా?’

మహానందిలో పెళ్లి చేసుకున్నారు. నేను పోయాను. వాడి నాయన వచ్చాడు, అమ్మాయి వైపు ఎవరూ రాలేదు. ఇప్పటికీ వాళ్ల నాయన గడప తొక్కనివ్వలేదు. కాబట్టి నేనేదో సుఖాంతం చెబుతున్నాననుకోకండి. వాడు ఇప్పుడు టమోటా నారు పెంచి రైతులకు అమ్ముతున్నాడు. ఏదైనా బ్యాంకు నోటిఫికేషన్ వచ్చిన రోజు రాత్రి అన్నం తినడట, వయసు దాటిపోయినా. ఆమే చెప్పింది.

ఇక లోన్ యాప్‌ల గురించి కూడా చెప్పమన్నారు మీ లెక్చరర్ గారు. ఏముంది చెప్పడానికి, ఫోన్లో ఉన్న నంబర్లన్నీ చూడటానికి అనుమతి అడిగే అప్పును ముట్టుకోకండి. స్నేహితురాలి పుట్టినరోజుకు కేకు కోసం అందులో అప్పు చేసిన పిల్లవాణ్ణి చూశాను. ఆ అమ్మాయికి తెలిస్తే కేకు వాడి మొహానే కొట్టేది.

నా మాటలు అయిపోయాయి. ఏమైనా అడగాలంటే అడగండి. మైకు అటు ఇవ్వండి... ఆ, మూడో వరుసలో పాప.

(విద్యార్థిని: సార్, మీకు కట్నం ఇవ్వడానికి మీ మామగారు ముప్పై వేలు యాడ తెచ్చినారు?)

... ప్రోనోటు రాసి తెచ్చాడమ్మా. వెల్దుర్తిలో. అదే రెండు రూపాయల వడ్డీకి.

(విద్యార్థిని: ఎప్పుడు తీరింది సార్ అది?)

1994లో. మూడెకరాలు అమ్మి తీర్చాడు. నాకు ఆ సంగతి 1997లో తెలిసింది. అదీ ఆయన చెప్పలేదు, ఆ చేను కొన్నాయన నా బ్రాంచికే పంట రుణానికి వచ్చాడు. పాసుపుస్తకంలో సర్వే నంబరు చూసి గుర్తుపట్టాను.

ఇంకెవరైనా?